పాత ఇంజనుకు ఏ నూనె?

పావగడ తాలూకానుంచి వచ్చే జాబుల్లో నూనె మాట ఉండటం వింత కాదు. వేరుశనగ సీమ గదా. ఈ నెల ఒక సోదరి అడిగింది మాత్రం ఇంజను నూనె సంగతి. ఇంట్లో పాత డీజిల్ ట్రాక్టరు, మామగారి నాటి అంబాసిడరు కారు ఉన్నవట. హిందూపురం అంగట్లో సింథటిక్ పోయించమంటారు, ఊళ్లో మేస్త్రి వద్దంటాడు. ఇంజను బోరుకు వస్తే శనక్కాయల డబ్బంతా దానికే గదా అని ఆమె బెంగ.

మేస్త్రి భయం ఉత్తది కాదు. 1970 ప్రాంతాల్లో వచ్చిన తొలి సింథటిక్ నూనెల్లో కొన్ని రబ్బరు సీళ్లను కుదించేవి, ఇంజను కారేది. తరువాత ఆ లోపం సవరించారు గాని చెడ్డపేరు మిగిలింది. పైగా పాత ఇంజనులో ఏళ్ల తరబడి పేరుకొన్న మడ్డి, అరిగిన సీళ్ల సందులను పూడ్చి ఉంచుతుంది. కొత్త నూనె దాన్ని కడిగితే దాగిన కారుడు బయటపడుతుంది.

సింథటిక్ గొప్పదనం మూడింట ఉంది: గడ్డకట్టే చలిలోనూ పారుతుంది, మహా వేడికి తొందరగా చెడదు, ఎక్కువ కాలం నిలుస్తుంది. పావగడలో మంచు కురవదు. నెమ్మదిగా తిరిగే, టర్బో లేని పాత ట్రాక్టరుకు అంత వేడి పుట్టదు. ఇక మన్నిక అంటారా, అక్కడే ఉంది అసలు చిక్కు. మన మెట్టచేలల దుమ్ము గాలితో లోపలికి పోయి, రింగులనూ బోరునూ సానరాయివలె అరగదీస్తుంది. ఆ ధూళి చేరిన నూనె ఎంత ఖరీదైనదైనా పుస్తకంలో చెప్పిన గంటలకే తీసి పారేయవలసిందే. రెండు మూడింతలు ధర పెట్టి కొన్నది అర్ధాయుష్షులో పోయినట్టే.

కాబట్టి ముందు గాలి వడకట్టే డబ్బా చూడండి. పాత ట్రాక్టర్లలో దాని అడుగు గిన్నెలో నూనె ఉంటుంది. దున్నే రోజుల్లో ప్రతి ఉదయం మూత తీసి చూడాలి. అడుగున బురద చేరితే కిరోసిన్‌తో కడిగి, గీతవరకే కొత్త నూనె పోయాలి. ఇది చేయని ఇంట ఏ నూనె పోసినా ఒకటే!

ట్రాక్టరుకు మామూలు డీజిల్ నూనె, సాధారణంగా 15డబ్ల్యు-40, వేళకు మారిస్తే చాలు. 2014లో తయారీ ఆగిన అంబాసిడరు సంగతి కొంచెం వేరు. పాత పెట్రోలు ఇంజనులో టాపెట్లు క్యాముమీద రాసుకుంటూ నడుస్తాయి. వాటిని కాపాడేది నూనెలోని జింకు, భాస్వరం. కొత్త కార్లకు చేసే పలుచని నూనెల్లో, పొగగొట్టంలోని శుద్ధియంత్రం చెడకుండా, 2004 నుంచి భాస్వరం తగ్గించారు. అందుచేత డబ్బామీద సింథటిక్ అన్న మాటకన్న అంకె ముఖ్యం: 20డబ్ల్యు-40 గాని 20డబ్ల్యు-50 గాని తీసుకోండి. ఇంజను కొత్తగా విప్పి సీళ్లు మార్పించి ఉంటే, అదే చిక్కదనంగల సింథటిక్ పోసినా హాని లేదు. దారిలో కొరత పడి, అదే అంకెగల మామూలు నూనె కాస్త కలిపినా కొంప మునగదు.

తీసిన నల్లనూనెను బావి దగ్గర పారబోయనీయకండి. స్కూటరులో పెట్రోలుతో కలిపే నూనె సంగతి వచ్చే నెల చెప్పుకుందాం.