తాళం ఉంది, ఫ్రేము ఉంది.. ముందు చక్రం లేదు! కేసు పెడితే పోలీసులు తీసుకుంటారా?

ఆదివారం ఉదయం. ఇరవై ముప్పై మంది కలిసి నెక్లెస్ రోడ్డులోనో, కేబీఆర్ పార్కు చుట్టో, నార్సింగి వైపు అవుటర్ రింగు రోడ్డు పక్కనున్న సైకిల్ ట్రాక్ మీదో రైడ్ పూర్తి చేశారు. ఇడ్లీ, చాయ్ కోసం టిఫిన్ సెంటర్ దగ్గర ఆగారు. సైకిళ్లన్నీ గోడకు ఒకదాని మీద ఒకటి ఆనించి లోపలికి వెళ్లారు. అరగంట తర్వాత వచ్చి చూస్తే మీ సైకిల్ అక్కడే ఉంది. ఫ్రేముకు వేసిన తాళమూ ఉంది. ముందు చక్రం మాత్రం లేదు.

ఇప్పుడేం చేస్తారు? చాలామంది ఆటో మాట్లాడుకుని ఇంటికి వెళ్లిపోతారు. ‘చక్రం పోయిందని పోలీస్ స్టేషన్‌కు వెళ్తే నవ్వుతారు’ అనుకుంటారు. నవ్వే విషయం కాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర చట్టాల ప్రకారం మీ చక్రం విలువ రూ.5,000కు పైనా, కిందా అన్నదాన్ని బట్టి పోలీసులు ఏం చేయగలరో, ఏం చేయలేరో తేలుతుంది. ఆ గీత ఎక్కడుందో, దాని ఇవతల ఉన్నవాళ్లు ఏం చేయాలో చూద్దాం.

గుంపులో ఉన్నప్పుడే ఎందుకు?

ఒంటరిగా వెళ్లేవాళ్లు సైకిల్ మీద ఒక కన్నేసి ఉంచుతారు. ముప్పై మంది ఉంటే ‘ఎవరో ఒకరు చూస్తుంటారులే’ అని అందరూ అనుకుంటారు. చివరికి ఎవరూ చూడరు.

రెండో కారణం, గుంపులో ముఖాలు కొత్త. ప్రతి వారం నలుగురైదుగురు కొత్తవాళ్లు చేరుతుంటారు. హెల్మెట్ పెట్టుకున్న ఒకతను వంగి చక్రం విప్పుతుంటే దొంగ అనిపించదు. ‘పాపం, పంక్చర్ అయినట్టుంది’ అనుకుని పక్క నుంచి వెళ్లిపోతాం. కొందరైతే సాయం కూడా చేస్తారు.

మూడోది, వేళ ముందే తెలిసిపోవడం. ఎక్కడ మొదలవుతుంది, ఎన్ని గంటలకు ఎక్కడ ఆగుతారు అన్నది వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తాం. ప్రతి ఆదివారం అదే హోటల్, అదే గోడ. పైగా బరువు తగ్గుతుందని చాలామంది తాళం ఇంట్లోనే వదిలి వస్తారు. తెచ్చినవాళ్లు కూడా సన్నటి కేబుల్‌ను ఫ్రేములోంచి తిప్పి సరిపెడతారు.

అర నిమిషంలో ఎలా వస్తుంది?

పాత సైకిళ్ల చక్రం విప్పాలంటే పానా కావాలి. ఇప్పటి గేరు సైకిళ్లలో చాలావాటికి ఇరుసులోంచి వెళ్లే కడ్డీకి ఒక చిన్న లివర్ ఉంటుంది. దాన్ని తిప్పి, అటువైపు నట్టును నాలుగు చుట్లు వదులు చేస్తే ముందు చక్రం చేతికి వచ్చేస్తుంది. దీన్నే క్విక్ రిలీజ్ అంటారు. ఇటలీ రేసర్ తుల్లియో కాంపాగ్నోలో పేరుతో ముడిపడిన ఈ పద్ధతి 1930ల నాటిది. రేసులో చక్రం త్వరగా మార్చుకోవడానికి వచ్చిన సౌకర్యమే రోడ్డు పక్కన దొంగకూ పనికొస్తోంది.

వెనక చక్రానికి గొలుసు, గేర్లు అడ్డం ఉంటాయి కాబట్టి కాస్త ఎక్కువసేపు పడుతుంది. అందుకే ముందు చక్రానికే ఎక్కువ ముప్పు. కొత్త మోడళ్లలో వచ్చే త్రూ యాక్సిల్‌కు చాలావరకు అలెన్ కీ కావాలి. కొంత నయమే తప్ప అది తాళం కాదు.

ఇంకో చిక్కు ఉంది. సైకిల్ ఫ్రేముకు అడుగున పెడల్ ఇరుసు దగ్గర సీరియల్ నంబరు ఉంటుంది. చక్రానికి సాధారణంగా అలాంటి విడి నంబరు ఉండదు. కారు, బైకులాగా సైకిల్‌కు ఆర్సీ లేదు. ఒకప్పుడు మున్సిపాలిటీలు సైకిల్‌కు బిళ్ల ఇచ్చేవి, ఇప్పుడు అదీ లేదు. అంటే దొరికిన చక్రం మీదే అని రుజువు చేయాల్సింది మీరే.

చట్టంలో ఉన్న రూ.5,000 గీత

భారతీయ న్యాయ సంహితలో దొంగతనానికి సెక్షన్ 303(2) ఉంది. మూడేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అయితే పోయిన వస్తువు విలువ రూ.5,000 లోపు ఉండి, నిందితుడు దోషిగా తేలడం అదే మొదటిసారి అయితే, వస్తువునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవ శిక్షతో సరిపెడతారు.

శిక్ష సంగతి అలా ఉంచితే, మీకు ముందుగా తగిలేది ఇంకొకటి. భారతీయ నాగరిక సురక్షా సంహిత మొదటి షెడ్యూలు రూ.5,000 లోపు దొంగతనాన్ని నాన్ కాగ్నిజబుల్ నేరాల జాబితాలో పెట్టింది. అలాంటి నేరాన్ని మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయడానికి వీల్లేదు. పాత చట్టంలో ఈ తేడా లేదు. దొంగతనం ఎంత చిన్నదైనా పోలీసులు నేరుగా కేసు కట్టే వీలుండేది.

దీని ప్రభావం ఎవరి మీద? కార్బన్ రిమ్ములున్న చక్రాల జత ధర లక్ష కూడా దాటొచ్చు. వాళ్లకు ఎఫ్‌ఐఆర్ దొరుకుతుంది. మామూలు సైకిల్ చక్రం టైరు, ట్యూబుతో కలిపినా ఐదు వేలు దాటడం కష్టం. పేపర్ వేసే కుర్రాడికి, రాత్రి డ్యూటీకి సైకిల్ మీద వెళ్లే వాచ్‌మన్‌కు ఆ చక్రం పోతే మర్నాడు పని పోయినట్టే. దర్యాప్తు మాత్రం మేజిస్ట్రేట్ ఆదేశం దాకా ఆగాలి. వస్తువు ధర తక్కువైనంత మాత్రాన నష్టం చిన్నది కాదు. ఈ గీత ఆ తేడాను పట్టించుకోదు.

విలువ రూ.5,000 దాటితే..

ఇది కాగ్నిజబుల్ నేరం. పోలీసులు ఎఫ్‌ఐఆర్ నమోదు చేయొచ్చు. గుర్తుంచుకోవాల్సినవి:

• ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగిందన్నది అడ్డు కాదు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఊరి చివర రైడ్‌లో పోయినా మీ ఇంటి దగ్గరి స్టేషన్‌కు వెళ్లొచ్చు.

• ఎలక్ట్రానిక్ పద్ధతిలోనూ సమాచారం ఇవ్వొచ్చు. కానీ మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి.

• ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

• మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో ముందుగా ప్రాథమిక విచారణ చేసే వీలుంది. అది 14 రోజుల్లో ముగియాలి. ‘విచారిస్తున్నాం’ అని నెలలు సాగితే ఈ గడువు గుర్తుచేయండి.

• స్టేషన్‌లో నమోదు చేయకపోతే ఫిర్యాదును లిఖితపూర్వకంగా పోస్టులో జిల్లా ఎస్పీకి పంపొచ్చు. కమిషనరేట్ పరిధిలో అయితే డీసీపీకి పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించే హక్కు ఉంది.

రూ.5,000 లోపైతే..

‘కేసు కాదు, వెళ్లండి’ అంటే వెనక్కి రావొద్దు. నాన్ కాగ్నిజబుల్ నేరమైనా మీరు చెప్పిన సమాచారాన్ని స్టేషన్ రికార్డులో రాసుకుని, మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లమని చెప్పాలి. ఇది సెక్షన్ 174లో ఉన్న బాధ్యత. అలాంటి కేసుల రోజువారీ నివేదికను పోలీసులు 15 రోజులకోసారి మేజిస్ట్రేట్‌కు పంపాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఎంట్రీ నంబరు, తేదీ రాయించుకోండి. రేపు చక్రం ఎక్కడైనా దొరికితే అది మీదని చెప్పడానికి ఆ నంబరే ఆధారం.

విలువ లెక్కగట్టేటప్పుడు రిమ్ము ఒక్కటే చూడొద్దు. టైరు, ట్యూబు, డిస్క్ రోటరు, వెనక చక్రమైతే గేర్ల క్యాసెట్, దాంతోపాటే పోయిన లైటు, స్పీడోమీటరు.. అన్నీ ఒకే దొంగతనంలో పోయినవే. విడివిడిగా రాసి, బిల్లులు జతచేయండి. అయితే కేసు కోసమని ధర పెంచి రాయొద్దు. అబద్ధమని తేలితే చిక్కు మీకే.

ఒకే రైడ్‌లో ఇద్దరివి పోయినా, అదే చోట పోయిన వారం ఇంకొకరిది పోయినా ఆ సంగతి ప్రతి ఫిర్యాదులోనూ రాయండి. ముఠాగా చేసే చిన్న దొంగతనాలకు న్యాయ సంహితలో సెక్షన్ 112 ఉంది. అది రుజువైతే ఏడాది నుంచి ఏడేళ్ల వరకు శిక్ష. ఎవరికి వారు ఊరుకుంటే అవన్నీ ఒకే చేతి పని అని పోలీసులకు తెలిసే దారి ఉండదు.

సీసీటీవీ ఎవరిని అడగాలి?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 2013 నాటి ప్రజా భద్రత చట్టం ఉంది. ఒకేసారి వంద మంది, అంతకుమించి జనం చేరే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టాలి, 30 రోజుల ఫుటేజీ దాచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. పెద్ద హోటల్, మాల్ దగ్గర పోతే ఇది పనికొస్తుంది. చిన్న టిఫిన్ బండికి ఈ నిబంధన వర్తించదు. అక్కడ పక్క షాపు కెమెరానే దిక్కు. హార్డ్‌డిస్క్ నిండితే పాత రికార్డు చెరిగిపోతుంది కాబట్టి అదే రోజు వెళ్లి, ఫలానా సమయం ఫుటేజీ తీసి ఉంచమని మర్యాదగా అడగండి. ఫిర్యాదులోనూ ఆ కెమెరా ఎక్కడుందో రాయండి.

ఆ ఫుటేజీలోని ముఖాన్ని ‘దొంగ’ అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పొద్దు. నిజంగా పంక్చర్ వేసుకుంటున్న మనిషి కూడా కావొచ్చు.

బీమా వస్తుందా?

కొన్ని గృహ బీమా ప్యాకేజీల్లో సైకిల్‌కూ కవరేజీ ఉంటుంది. విడిగా సైకిల్ పాలసీలూ ఉన్నాయి. తీసుకునే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘సైకిల్ ఉండి చక్రం ఒక్కటే పోతే ఇస్తారా?’ సైకిల్ మొత్తంతో కలిపి పోతేనే విడిభాగాలకు పరిహారం అనే షరతు ఉండొచ్చు. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. క్లెయిమ్‌కు ఎఫ్‌ఐఆరే కావాలా, స్టేషన్ ఎంట్రీ చాలా అన్నదీ ముందే తెలుసుకోండి. రూ.5,000 లోపు చక్రానికి ఈ ప్రశ్న చాలా ముఖ్యం.

వచ్చే ఆదివారానికి ముందు..

• రెండు చక్రాలనూ దగ్గర నుంచి ఫొటోలు తీయండి. రిమ్ము మీది కంపెనీ పేరు, గీతలు, సొట్టలు కనిపించాలి. హబ్ మీద, టైరు విప్పి రిమ్ము లోపల ఫోన్ నంబరులోని చివరి అంకెలు చెరగని మార్కర్‌తో రాయండి. బిల్లు ఫొటో, ఫ్రేము నంబరు కలిపి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి.

• యూ-లాక్‌ను వెనక చక్రం, ఫ్రేము, కదలని కడ్డీ.. ఈ మూడింటినీ కలిపి వేయండి. ముందు చక్రంలోంచి కేబుల్ తిప్పి అదే లాక్‌కు తగిలించండి. లేదంటే ముందు చక్రాన్ని మీరే విప్పి వెనక చక్రం పక్కన పెట్టి కలిపి తాళం వేయండి.

• క్విక్ రిలీజ్ లివర్ బదులు ప్రత్యేక తాళంచెవితోనే తిరిగే కడ్డీలు దొరుకుతాయి. రోజూ బయట సైకిల్ నిలిపేవాళ్లకు ఆ ఖర్చు దండగ కాదు.

• గ్రూపు నడిపేవాళ్లు ఆగినచోటల్లా ఇద్దరిని కాపలా పెట్టాలి. పదిహేను నిమిషాలకోసారి మారితే ఎవరి ఇడ్లీ చల్లారదు. ఎవరు ఏ చక్రం విప్పినా వాళ్లే అడగాలి: ‘అన్నా, ఇది మీ సైకిలేనా?’

• ఆగి బయలుదేరేముందు లివర్లు బిగించి ఉన్నాయో లేదో చేత్తో చూడండి. దొంగ సగంలో వదిలేసి వెళ్తే చక్రం వదులుగా ఉంటుంది. దిగుడులో అది ఊడితే పోయేది చక్రం కాదు, ప్రాణం.

• సెకండ్ హ్యాండ్‌లో ఒక్క చక్రం చవగ్గా వస్తోందంటే బిల్లు అడగండి. దొంగ సొత్తు అని తెలిసి, లేదా అలా అనుకోవడానికి తగిన కారణం ఉండి కొంటే సెక్షన్ 317 కింద అదీ నేరమే.

ట్రాక్ వేశారు, స్టాండ్ ఏది?

అవుటర్ పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌ను 2023 అక్టోబరులో ప్రారంభించారు. కేంద్రం 2020లో మొదలుపెట్టిన సైకిల్స్ ఫర్ ఛేంజ్ పోటీలో వరంగల్ దేశంలోని 11 నగరాల్లో ఒకటిగా ఎంపికైంది. సైకిల్ తొక్కమని ప్రోత్సహించడం బాగానే ఉంది. తొక్కి దిగాక సైకిల్‌ను ఎక్కడ కట్టాలన్నదే మిగిలిన ప్రశ్న. నేలలో పాతిన ఒక వంపు ఇనుప గొట్టం, దాని మీద పడే ఒక కెమెరా చూపు చాలు. పార్కు గేటు, మార్కెట్, బస్టాండ్, జనం ఆగే టిఫిన్ వీధుల్లో అవి ఉంటే వారానికోసారి తొక్కేవాళ్లకే కాదు, రోజూ సైకిల్ మీదే బతికేవాళ్లకూ రక్షణ.

మున్సిపల్ అధికారులను అది అడగాలంటే చేతిలో లెక్క ఉండాలి. ఎన్ని చక్రాలు పోయాయి, ఎక్కడ పోయాయి అని. చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయిన ఏ చక్రమూ ఆ లెక్కలోకి రాదు. అందుకే మీది రూ.2,000 చక్రమే అయినా స్టేషన్‌కు వెళ్లండి. రాయించండి. ఆ నంబరు తీసుకుని రండి.