సముద్రం లేని ఇస్నాపూర్‌కి ఓడలతో పనేంటి? రూ.69,725 కోట్ల ప్యాకేజీతో మనకి ఒరిగేదెంత?

ఇస్నాపూర్ దగ్గర ముంబై హైవే మీద కంటైనర్ లారీలు కొత్తేం కాదు. పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో తయారయ్యే మందులు, రసాయనాలు విదేశాలకు వెళ్లాలంటే ముందు పోర్టుకు చేరాలి. కొంత సరుకు సనత్‌నగర్ కంటైనర్ డిపో నుంచి రైల్లో, కొంత నేరుగా రోడ్డు మీద.. దాదాపు 700 కిలోమీటర్ల దూరంలోని నవా షేవా పోర్టుకు వెళ్తుంది. అక్కడ ఓడ ఎక్కుతుంది. మరి ఆ ఓడ ఎవరిది? చాలాసార్లు మనది కాదు. అసలు సమస్యంతా అక్కడే ఉంది.

ఏటా రూ.6 లక్షల కోట్ల కిరాయి

పరిమాణం లెక్కన మన విదేశీ వాణిజ్యంలో దాదాపు 95 శాతం సముద్రం మీదే నడుస్తుంది. 50 ఏళ్ల కిందట ఇందులో 40 శాతం మన ఓడల్లోనే వెళ్లేదని, ఇప్పుడది 5 శాతానికి పడిపోయిందని 2025 సెప్టెంబర్ 20న భావ్‌నగర్ సభలో ప్రధాని మోదీ చెప్పారు. విదేశీ షిప్పింగ్ కంపెనీలకు ఏటా సుమారు రూ.6 లక్షల కోట్లు కడుతున్నామని, అది దాదాపు మన రక్షణ బడ్జెట్‌తో సమానమని లెక్క చెప్పారు. నాలుగు రోజులకే, సెప్టెంబర్ 24న కేంద్ర కేబినెట్ భారీ ప్యాకేజీకి ఓకే చెప్పింది.

ప్యాకేజీలో ఏముంది?

* ఓడల తయారీకి ఆర్థిక సాయం: రూ.24,736 కోట్లు. ఈ పథకం 2036 మార్చి 31 వరకు నడుస్తుంది.
* మారిటైమ్ డెవలప్‌మెంట్ ఫండ్: రూ.25,000 కోట్లు. ఇందులో రూ.20,000 కోట్లు పెట్టుబడుల కోసం, రూ.5,000 కోట్లు వడ్డీ భారం తగ్గించడానికి.
* షిప్‌యార్డుల సామర్థ్యం పెంపు: రూ.19,989 కోట్లు. ఏటా 45 లక్షల గ్రాస్ టన్నుల ఓడలు కట్టే స్థాయికి చేరడమే లక్ష్యం.

దీంతో పాటు పెద్ద ఓడలకు ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ హోదా ఇచ్చారు. అంటే రోడ్లు, కరెంటు ప్రాజెక్టుల్లాగే వీటికీ దీర్ఘకాలిక రుణాలు దొరికే దారి ఏర్పడింది. 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం కూడా వచ్చింది.

మనం ఎందుకు వెనకబడ్డాం?

తెలుగువాళ్లకి ఇది పరాయి కథ కాదు. 1948లో విశాఖ యార్డులో కట్టిన ‘జల ఉష’ను నెహ్రూ సముద్రంలోకి పంపారు. ఇప్పుడు చూస్తే ప్రపంచంలో తయారయ్యే ఓడల్లో 90 శాతానికి పైగా చైనా, దక్షిణ కొరియా, జపాన్‌లవే. మన వాటా 1 శాతం కూడా లేదు.

కారణాల్లో మొదటిది డబ్బు. విదేశీ కంపెనీలకు తక్కువ వడ్డీకి ఎక్కువ కాలం అప్పు దొరుకుతుంది. మన కంపెనీకి వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. పైగా బయట ఓడ కొనుక్కొస్తే 5 శాతం జీఎస్టీ. రేటు దగ్గర పోటీకి దిగేసరికి మన ఓడ ముందే చేతులెత్తేస్తోంది.

గతంలో ప్రయత్నాలు జరగలేదా అంటే జరిగాయి. 2004లో లాభం మీద కాకుండా ఓడ సైజును బట్టి పన్ను వేసే టన్నేజ్ ట్యాక్స్ తెచ్చారు. 2021లో రూ.1,624 కోట్ల సబ్సిడీ ప్రకటించారు. అయితే అది ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు దిగుమతి చేసుకునే సరుకు కోసం. పాశమైలారం ఫ్యాక్టరీ పంపే కంటైనర్‌కి దాంతో సంబంధం లేదు.

మెలిక ఇక్కడే

కొత్త ప్యాకేజీ బరువు కూడా ఎక్కువగా యార్డుల మీదే ఉంది. యార్డు బాగుపడితే ఉద్యోగాలొస్తాయి, ఓడలొస్తాయి. కానీ మన ప్రాంతం సరుకు వెళ్లేది కంటైనర్లలో. ఆ రంగాన్ని ఏలుతున్నది ఎంఎస్‌సీ, మెర్స్క్, సీఎంఏ సీజీఎం లాంటి విదేశీ దిగ్గజాలు. ప్రభుత్వ సంస్థ షిప్పింగ్ కార్పొరేషన్ దగ్గరున్న కంటైనర్ ఓడల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకో చిక్కు బేరంలో ఉంది. మన ఎగుమతిదారులు చాలామంది సరుకును పోర్టులో ఓడ ఎక్కించే వరకే బాధ్యత తీసుకుని అమ్ముతారు. దీన్నే ఎఫ్‌ఓబీ అంటారు. ఆ తర్వాత ఏ ఓడ అన్నది విదేశీ కొనుగోలుదారు ఇష్టం. మనం కొనేటప్పుడు సీన్ రివర్స్! కిరాయి, బీమా కలిపిన ధరకి కొంటాం కాబట్టి అప్పుడు ఓడను ఎంచుకునేది అమ్మేవాడు. వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ నిర్ణయం మన చేతిలో లేకపోతే, ఎన్ని ఓడలు కట్టినా వాటికి సరుకు ఎక్కడి నుంచి వస్తుంది?

దెబ్బ ఎవరికి తగులుతోంది?

2023 చివర్లో ఎర్ర సముద్రంలో హౌతీల దాడులు మొదలయ్యాక ఏం జరిగిందో చూశాం. యూరప్ వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. ప్రయాణం 10 నుంచి 14 రోజుల దాకా పెరిగింది, కిరాయిలు ఎగబాకాయి. పెద్ద కంపెనీ తట్టుకుంటుంది. చిన్న యూనిట్‌కి మాత్రం సరుకు లేటైతే పేమెంట్ లేటు, బ్యాంకు వడ్డీ మీటర్ ఆగదు. చైనా నుంచి ముడిసరుకు తెచ్చుకునే మందుల ఫ్యాక్టరీకైతే రెండు వైపులా దెబ్బే.

మన జెండా ఉన్న ఓడైతే దాడులు తప్పుతాయా? తప్పవు. కిరాయి తగ్గుతుందా? అదీ గ్యారంటీ లేదు, రేటు ప్రపంచ మార్కెట్‌దే. కానీ ఓడల్లో చోటు దొరకని కష్టకాలంలో మన సరుకుకి ముందు చోటివ్వమని అడిగే అవకాశం ఉంటుంది. ఇప్పుడు అదీ లేదు.

ఇక ముందు చూడాల్సింది

ప్రభుత్వ సంస్థలతో జాతీయ కంటైనర్ లైన్ పెట్టే దిశగా కేంద్రం అడుగులేస్తోంది. పటాన్‌చెరు బెల్ట్‌కి అసలు పనికొచ్చేది అదే. తెలంగాణ ప్రభుత్వం అంటున్న డ్రైపోర్టు, మచిలీపట్నం పోర్టు లింకు రెండోది. నవా షేవాతో పోలిస్తే బందరు దాదాపు సగం దూరమే. కాకపోతే పోర్టు కట్టగానే సరిపోదు, పెద్ద కంటైనర్ ఓడలు అక్కడికి రావాలి.

రూ.69,725 కోట్లు చిన్న మొత్తమేం కాదు. కానీ ఎన్ని ఓడలు కట్టామన్నది ఒక్కటే లెక్క కాకూడదు. ఆ ఓడల్లో చిన్న ఎగుమతిదారుడి కంటైనర్‌కి టైంకి చోటు దొరికిందా లేదా.. ఈ ప్యాకేజీకి మార్కులు వేయాల్సింది దాన్ని బట్టే.