‘పాడు’ అంటే పాడైపోయినది కాదు

మన హాస్టల్ విద్యార్థులం తలా ఒక పల్లె నుంచి వచ్చినవాళ్లం. ఊరి పేరు చెప్పగానే ఎదుటివారు నవ్వుతారేమోనని జంకేవారు మనలో ఉన్నారు. పేరు చివర ‘పాడు’ ఉన్న ఊళ్లవారికి ఈ బాధ మరీ ఎక్కువ. మైపాడు అనగానే “ఏం పాడైపోయింది మీ ఊళ్లో?” అని వేళాకోళం చేస్తారు. ఇలాంటి పేర్లు మార్చుకుంటే మేలు కదా అనేవారూ ఉన్నారు. ఆ అవసరం లేదని నా అభిప్రాయం.

తెలుగులో ‘పాడు’కు ఒక్క అర్థమే లేదు. ‘పాట పాడు’ అంటే క్రియ. ‘పాడుబుద్ధి’, ‘పాడుబడిన బావి’ అంటే చెడినది. ఊరి పేరు చివర వచ్చే ‘పాడు’కు మాత్రం ఊరు అనే అర్థం. దీనికి చుట్టమైన ‘పాడి’ అనే మాట తమిళంలో ఉంది. పశువుల కాపరుల పల్లెను అలా పిలిచేవారు. తమిళనాడులోని వాణియంబాడి పేరులో ఉన్నది ఆ మాటే.

‘నాడు’ అనే మాట ‘నాటి’ అయినట్టే ‘పాడు’ కూడా ‘పాటి’ అవుతుంది. అందుకే గరికపాడు వారు గరికపాటి వారయ్యారు. పూర్వం ఊరుండి ఖాళీ అయిన చోటును పాటిదిబ్బ అంటారు. ఆ పాటిమన్నును రైతులు బండ్లతో తోలి చేలకు ఎరువుగా వేసేవారు. మనుషులు బ్రతికిన చోట మన్ను సైతం పంటకు బలమిచ్చిందన్నమాట!

మన ఇందుకూరుపేట మండలంలోని పల్లిపాడులో, పెన్న ఒడ్డున, పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని 1921లో గాంధీజీ ప్రారంభించారు. అదే సంవత్సరం కర్నూలు జిల్లా పెద్దపాడులో ఒక పేద దళిత కుటుంబంలో దామోదరం సంజీవయ్య గారు పుట్టారు. 1960లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. వారి ఊరి పేరులోని ‘పాడు’ వారికి అడ్డు రాలేదు. 2004 డిసెంబర్ 26న సునామీ మన తీరాన్ని ముంచెత్తినా మైపాడు పాడుబడలేదు. మన వాళ్లు మళ్లీ పడవలెక్కి వేటకు పోయారు.

కాబట్టి మిత్రులారా! అర్థం తెలియని మాటకు సిగ్గుపడవద్దు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ ఊరి పేరుకు, ఇంటిపేరుకు అర్థమేమిటో అవ్వాతాతలను అడగండి. వారు చెప్పింది నోటుపుస్తకంలో రాసి తెచ్చి, వచ్చే ఏడాది ఈ సంచికకు ఇవ్వండి. ఇక ఎవరైనా “మీది ఏ ఊరు?” అని అడిగితే తలెత్తి, గట్టిగా చెప్పండి.