ఉద్దానపు రోగము – స్థానికసంస్థల పరిశీలనాధికారము

పలాసకు చేరువను, సముద్రపుటొడ్డున, కొబ్బరితోటలకును జీడితోటలకును నడుమ అక్కుపల్లి యున్నది. క్రొత్తగా వచ్చినవారికి ఈ సీమ నందనవనమువలె గన్పట్టును. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కాని ఈ పచ్చదనపు నీడలో ముప్పదియేండ్లకు పైగా ఒక మాయరోగము కాపురము చేయుచున్నది. మూత్రపిండములు క్రమక్రమముగా క్షీణించు ఈ వ్యాధి మొదట నొప్పి పుట్టింపదు, జ్వరము తెప్పింపదు. కాళ్లు పొంగి, అన్నము సహింపక, వైద్యుని చెంతకు బోవునప్పటికి పుణ్యకాలము కాస్తయు గడచిపోయి యుండును. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి మండలములలో ఈ వ్యాధివలన ఇంటి పెద్దదిక్కును గోల్పోయిన కుటుంబము లెన్నియో కలవు.

మధుమేహము లేనివారికిని, రక్తపుపోటు లేనివారికిని ఈ వ్యాధి యెట్లు వచ్చుచున్నదో నేటికిని నిర్ధారణగా తేలలేదు. భూగర్భజలమునందలి సిలికా యని కొందరును, పురుగుమందులని కొందరును, మండుటెండలో నీరు త్రాగక చేయు కష్టమని కొందరును, నొప్పిమాత్రలను మితిమీరి మ్రింగుటయని కొందరును చెప్పిరి. సింహళద్వీపపు ఉత్తరమధ్యమండలమునను, మధ్య అమెరికాయందలి చెరకుతోటల కూలీలలోను ఇట్టి వ్యాధియే కలదు. రోగి మాత్రము అన్ని చోట్ల ఒక్కడే: ఎండలో కష్టించు పేదవాడు.

ప్రభుత్వములు చేతులు ముడుచుకొని కూర్చున్నవని చెప్పుట న్యాయము కాదు. 2019లో డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను నిర్ణయింపబడెను. ఆ యేడు సెప్టెంబరు 6వ తేదీన పలాసయందు మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమునకును ఆసుపత్రికిని శంకుస్థాపన జరిగెను. 200 పడకల ఆ ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యెను. హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని ఉద్దానమునకు తెచ్చు పథకము, సుమారు 700 కోట్ల రూపాయల వ్యయముతో, ఆ దినముననే ప్రారంభింపబడెను. ఇవి మెచ్చదగిన కార్యములు. ఏ పక్షమువారు చేసినను మంచిని మంచి యనుటకు మేము సంకోచింపము.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. ఈ పథకములను రచించునపుడు వీని మంచిచెడ్డలను ముందుగా పరిశీలించి, “ఇది చాలును, ఇది చాలదు” అని చెప్పగల అధికారము ఈ సీమ ప్రజల ప్రతినిధుల కుండెనా? అమలు జరిగిన పిదపనైనను లెక్క యడుగు అధికారము వారికి కలదా?

తేదీలను కలిపి చూచినచో సమాధానము దానంతట అదే తేలును. గ్రామపంచాయతీల పదవీకాలము 2018 ఆగస్టులో ముగిసెను. మండల జిల్లా పరిషత్తులకును పురపాలకసంఘములకును 2019 జూలైలో ముగిసెను. మరల ఎన్నికలు జరిగినది 2021లో. అనగా పలాసలో శంకుస్థాపన జరిగిన దినమున అక్కుపల్లివంటి గ్రామములలో ఎన్నుకోబడిన సర్పంచు లేడు. శ్రీకాకుళమున ఎన్నుకోబడిన జిల్లాపరిషత్తు లేదు. వారి స్థానమున ప్రత్యేకాధికారులు కూర్చుండిరి. పథకమును రచించినది ప్రభుత్వము. పరిశీలింపవలసిన పీఠమున కూర్చున్నదియు ప్రభుత్వోద్యోగియే. రైతే తన పంటకు తానే తూనికదారుడైనట్లు!

పూర్వకాలమున ఈ స్థితి యిట్లుండలేదను సంగతి నేటి యువకులకు వింతగా దోపవచ్చును. 1936 వరకు టెక్కలి, సోంపేట ప్రాంతములు గంజాము జిల్లాలోనివి. 1884, 1920 సంవత్సరముల మదరాసు చట్టములక్రింద ఏర్పడిన లోకలుబోర్డులు రోడ్లతోపాటు ఆసుపత్రులను, మందుల దుకాణములవంటి చిన్న వైద్యశాలలను పోషించెడివి. ఆ బోర్డులలో పేదల కెంతటి స్థానముండెనో, దొరతన మెంతటి పెత్తనము చేసెనో మే మెరుగనివారము కాము. అయినను ఆసుపత్రికి మందు లేదని బోర్డుసభలో సభ్యుడు ప్రశ్న వేయుటకు అవకాశ మప్పుడు కలదు. ఆసుపత్రి పద్దు బోర్డు పద్దులో భాగము. పరదేశప్రభుత్వము చిన్నదిగానైనను మన చేతి కొసగిన తాళపుచెవిని స్వదేశప్రభుత్వము తీసికొని తన మొలకు కట్టుకొన్నచో దానిని స్వరాజ్య మనుట యెట్లు?

చట్టములేమో దండిగా నున్నవి. రాజస్థానమునకు వెనువెంటనే 1959లో పంచాయతీరాజ్యమును స్థాపించిన ఖ్యాతి ఆంధ్రప్రదేశమునది. 73వ రాజ్యాంగసవరణ 1993 ఏప్రిలులో అమలులోనికి వచ్చెను. దానివలన చేరిన పదునొకండవ అనుబంధమున పంచాయతీల కప్పగింపదగిన 29 విషయములు కలవు. త్రాగునీరు, ఆసుపత్రులతో గూడిన ప్రజారోగ్యము, వికలాంగుల సంక్షేమముతో గూడిన సాంఘికసంక్షేమము ఆ పట్టికలోనివే. జిల్లాపరిషత్తునకు విద్యావైద్యములను గూర్చిన స్థాయీసంఘమును కలదు. కాని ఆ సవరణ రాష్ట్రశాసనసభ పంచాయతీల కధికారము “ఇయ్యవచ్చును” అన్నదే గాని “ఇచ్చితీరవలయును” అనలేదు. ఒక్క క్రియాపదములో స్వపరిపాలన చిక్కుకొన్నది. వైద్యుని నియమించునది రాష్ట్రశాఖ. మందులు కొనునది రాష్ట్రసంస్థ. ద్రవ్యము విడుదల చేయునది రాజధాని. స్థాయీసంఘము అధికారిని పిలిచి సమీక్షింపవచ్చును, నివేదిక వినవచ్చును, టీ త్రాగి లేవవచ్చును.

ఇతరత్ర ఏమి జరిగినదో చూతము. కేరళమునందు 1990 దశకము నడుమ ప్రాథమికారోగ్యకేంద్రములు గ్రామపంచాయతీలకును, జిల్లా ఆసుపత్రులు జిల్లాపంచాయతీలకును అప్పగింపబడెను. 1996లో ఆరంభమైన ప్రజాప్రణాళికతో ద్రవ్యమును వారి చేతికి వచ్చెను. వైద్యము చెడిపోలేదు. ఇంగ్లండునందు 2001 నాటి చట్టము స్థానికమండలులకు వైద్యసేవలను పరిశీలించు అధికార మొసగెను. ఆసుపత్రుల సేవలలో గొప్ప మార్పు తలపెట్టినపుడు నిర్వాహకులు మండలిని ముందుగా సంప్రదింపవలయును. పిలిచినపుడు వచ్చి జవాబు చెప్పవలయును. మండలికి తృప్తి కలుగనిచో మంత్రికి నివేదించుకొను హక్కును చాలకాల ముండెను. 2024 జనవరిలో ఆ హక్కు తొలగింపబడెను. అడుగు హక్కు మాత్రము నిలిచినది. అధికారము ఎక్కడనైనను పైకే ప్రాకజూచునని దీనివలన మనము నేర్వదగినది.

“పల్లెటూరివారికి మూత్రపిండశాస్త్ర మేమి తెలియును?” అని కొందరు పరిహసింతురు. తెలియదు. వారు తెలిసికొన గోరునది శాస్త్రము కాదు, లెక్క. అక్కుపల్లి పంచాయతీ అడుగదగిన ప్రశ్న లెట్టివి? వంశధార నీరు మా వీథికుళాయివరకు నెలలో ఎన్ని దినములు వచ్చినది? ఆ నీటిని కుళాయివద్ద పరీక్షించినది ఎవరు, ఫలితము నెక్కడ వ్రాసియుంచిరి? పలాస ఆసుపత్రిలో మంజూరైన వైద్యుల పదవు లెన్ని, నిండిన వెన్ని? వారమునకు రెండు మూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగు గంటలు యంత్రమున కంటియుండవలసిన రోగిని తీసికొనిపోవు వాహన మేది? తోడుపోయి కూలి పోగొట్టుకొను భార్య కెవరు దిక్కు? డయాలిసిస్ వరకు రాకుండ, రోగము మొగ్గలోనున్నపుడే రక్తపరీక్షతో గుర్తించిన వారెందరు? వీనిలో ఒక్కటియు శాస్త్రజ్ఞుడే యడుగవలసిన ప్రశ్న కాదు. అన్నియు ఇల్లాలు అడుగగల ప్రశ్నలే. కాని వీనికి సమాధానములు లేని పథకము గోడమీది శిలాఫలకమే యగును.

పంచాయతీలలో కక్షలు కలవనియు, ఆసుపత్రి కూడ కక్షలపాలగుననియు మరికొందరి భయము. ఈ భయమునకు ఆధారము లేదని మేమనము. కాని రాజధానిలో కక్షలు లేవా? ఒక ప్రభుత్వము పెట్టిన పేరును మరియొక ప్రభుత్వము చెరిపివేయుటను మనము చూచుట లేదా? కక్షకు మందు రహస్యము కాదు. ప్రశ్నయు జవాబును సభలో చదివి, నోటీసుబల్లమీద అంటించినచో కక్షదారునకు బొంకుటకు చోటు తక్కువగును.

ప్రజలు పరిశీలించినచో నేమగునో ఈ సీమయే దేశమునకు చూపినది. సోంపేట బీలభూములలో థర్మల్ విద్యుత్కేంద్రము పెట్టదలచినపుడు కాగితములు ఆ భూమిని పనికిమాలిన దనెను. ఆ నీటితో పంట పండించువారును, చేపలు పట్టువారును అది బీల యని చెప్పిరి. 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణములు పోయెను. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పిలేటు ప్రాధికారసంస్థ ఆ కేంద్రమునకు పూర్వమిచ్చిన అనుమతిని రద్దుచేసెను. ఆ రైతుల మాట మొదటనే విని లెక్కలోనికి తీసికొని యుండినచో ఆ నెత్తురు చిందకయే పోయెడిది. పరిశీలన ఆలస్యమగుట యెంత ఖరీదో సోంపేట చెప్పుచున్నది.

కావున మా కోరిక లివి. వైద్యసంక్షేమపథకములలో ఏ పెద్ద మార్పు తలపెట్టినను, దాని ముసాయిదాను తెలుగులో జిల్లాపరిషత్తు వైద్యసంఘము ముందుంచి, సంఘము వ్రాసిన ప్రశ్నలకు గడువులోపల వ్రాతమూలకముగా జవాబిచ్చుట శాసనముచే విధింపవలయును. ఉద్దానపు మండలములకు నీటిపరీక్షల ఫలితములను, ఆసుపత్రి ఖాళీలను మాసమాసము ప్రకటింపవలయును. స్థానికసంస్థల పదవీకాలము ముగిసిన పిదప ప్రత్యేకాధికారుల పాలన యేండ్లతరబడి సాగు దురాచార మిక మానవలయును.

చదువరులలో భూస్వాములును పట్టణవాసులును పెక్కురు కలరు. రోగము తమ గడప త్రొక్కలేదని వారు నిశ్చింతగా నుండరాదు. కొబ్బరి దింపువాడును, జీడిపిక్కల నొలుచు స్త్రీయు మంచమెక్కినచో తోట యెవరికొఱకు కాయును? చట్టప్రకారము ఏటేట గ్రామసభ కూడవలసి యున్నది. దానికి పోయి ఒక్క ప్రశ్న యడుగుడు. జవాబును మినిట్సుపుస్తకములో వ్రాయింపుడు. మరుసటి సభలో దానినే మరల చదివింపుడు. ఏమియు కాదని తోచును. కాని స్వపరిపాలన ఆ పుస్తకమునందలి ఆ యొక్క పంక్తితోనే ఆరంభమగును.