మాటల మర్మం: "కావాలి" అంటే కోరికా? ఆజ్ఞా?



మా అమ్మాయి తన ఇంజనీరింగు కళాశాలలో స్పానిష్ భాషను కూడా అభ్యసిస్తున్నది. గడచిన సెలవులలో ఒక సాయంకాలం రెండు వాక్యాలు చదివి వినిపించింది. "కియేరో సెర్ ఇన్‌హెనియేరా" అనగా "నేను ఇంజనీరును కావాలని కోరుకుంటున్నాను". "కియేరో కె మి ఇహా సేయా ఇన్‌హెనియేరా" అనగా "మా అమ్మాయి ఇంజనీరు కావాలని కోరుకుంటున్నాను". కోరేవారూ, అయ్యేవారూ ఒకరే అయితే "సెర్" అనే మూలరూపం చాలును. వేరైతే "సేయా" అని క్రియ రూపం మారుతుంది. ఎవరి కోరికను ఎవరు నెరవేర్చాలో వ్యాకరణమే తేల్చి చెబుతున్నదన్నమాట.

భిలాయి వాసులకు ఇది వింత కాదు. ఇరుగుపొరుగున వినే హిందీలో తన విషయమైతే "బన్‌నా చాహ్‌తా హూఁ", బిడ్డ విషయమైతే "చాహ్‌తా హూఁ కి బేటీ బనే". 1955 నాటి ఒప్పందంతో సోవియట్ నిపుణుల వెంట ఈ ఊరికి వచ్చిన రష్యన్ భాషలోనూ ఈ భేదమున్నది. తన కోరికకు "స్తాత్" అనే మూలరూపం. కుమార్తెను గూర్చిన కోరికకు "ష్తోబీ" అనే మాట చేర్చి "స్తాల" అనే భూతకాల రూపం.

మరి మన తెలుగులో? నేను చదవాలి, నీవు చదవాలి, ఆమె చదవాలి. మనిషి మారినా క్రియ మారదు. పైగా "నీళ్లు కావాలి" అంటే అవసరం. "ఇంజనీరును కావాలి" అంటే కోరిక. "ఆరు గంటలకల్లా పని పూర్తి కావాలి" అంటే ఆజ్ఞ. షిఫ్టులో వాడిన మాటనే ఇంటికి వచ్చి భోజనాల వేళ కూడా వాడుతుంటాము.

"నాన్నగారూ! నేను పదో తరగతిలో ఉండగా 'నువ్వు ఇంజనీరు కావాలి' అన్నారే, అది కోరికా, ఆజ్ఞా?" అని అడిగింది మా అమ్మాయి. నేను ఆశతోనే అన్నాను. ఆమె ఆజ్ఞగానే విన్నది. ఆనాడు ఆమెకు చరిత్ర చదవాలని ఉండేదట. ఆమె చెప్పలేదు; నేను అడగలేదు.

దోషం భాషది కాదు. "నాకు చదవాలని ఉంది" అన్నప్పుడు కోరిక మనకు కలిగినది మాత్రమే. "చదవాలనుకుంటున్నాను" అన్నప్పుడు అది మన ఆలోచనలోకి వచ్చినది. "చదవదలచుకొన్నాను" అన్నప్పుడు నిశ్చయమైనది. ఆశ ఆశయంగా ఎదిగే మెట్లివి. ఇక బిడ్డలను గూర్చిన కోరికకు "చదివితే బాగుండును" అనే చక్కని నుడికారమున్నది. అందులో ఆశ ఉన్నది, అధికారం లేదు. ఎటొచ్చీ, దానిని వాడే ఓపికే మనకు ఉండదు.

ఆ రాత్రి, ఆలస్యంగానైనా, "నీకేమి చదవాలని ఉందమ్మా?" అని అడిగాను.

"ఇంజనీరింగు పూర్తి చేయదలచుకొన్నాను, నాన్నగారూ. చరిత్ర చదవాలని మాత్రం ఇంకా ఉంది" అన్నది.

కొనవలసిన చరిత్ర పుస్తకాల పేర్లు వ్రాసి ఇమ్మన్నాను.