ద్రవాలను పంచే యంత్రం: చెరకు విత్తన పరీక్షకే ముందుగా

కొత్త పరికరాల ప్రతిపాదనలలో లిక్విడ్ హ్యాండ్లింగ్ వర్క్‌స్టేషన్ పేరు ఇటీవల తరచుగా కనిపిస్తున్నది. నమూనాలు, రసాయనాలు, ఎంజైములను మైక్రోలీటర్లలో కొలిచి 96 గుంటల పళ్ళెంలోకి తానే పంచే యంత్రమిది. ప్రతి ప్రయోగశాలకూ ఇది అవసరమన్న వాదనతో నేను ఏకీభవించను. ఉత్తర కోస్తాలో మాత్రం దీనికి తగిన పని ఒకటి సిద్ధంగా ఉన్నది. అది చెరకు విత్తనపు ముచ్చెల ఆరోగ్య పరీక్ష.

అనకాపల్లి పరిశోధనా స్థానం 1913 నుండి చెరకుపై కృషి చేస్తున్నది. చెరకును ముచ్చెలతోనే పెంచుతాము గనుక తల్లిగడలో దాగిన తెగులు మొక్క తోటకూ, దాని నుండి కార్శికీ సంక్రమిస్తుంది. గడ్డిదుబ్బు తెగులు, పసుపు ఆకు తెగులు సోకిన గడలు కొన్ని పైకి ఆరోగ్యంగానే కనిపిస్తాయి. వాటిని వేరు చేయడానికి పీసీఆర్ పరీక్ష కావాలి. కణజాల వర్ధనం ద్వారా పెంచిన మొక్కల ధ్రువీకరణకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో నెలకొల్పిన వ్యవస్థలోనూ వైరస్ పరీక్ష ఒక భాగమే. పరీక్ష చేయని ముచ్చెను నాటిన రైతు రెండు మూడు పంటలపాటు దాని ఫలితాన్ని అనుభవిస్తాడు.

ఇక పని పరిమాణం చూడండి. 96 నమూనాలకు ఒక్కొక్కదానికి ఐదుసార్లు ద్రవం మార్చవలసి వస్తే 480 సార్లు పిపెట్టు నొక్కాలి. మూడవ వందకు వచ్చేసరికి బొటనవేలు నొప్పి పుడుతుంది, దృష్టి చెదురుతుంది; పళ్ళెంలో ఒక వరుస తప్పితే ఆ తరువాతి ఫలితాలన్నీ వేరే గడలకు చెందుతాయి. ఇటువంటి పొరపాట్లను యంత్రం బాగా తగ్గిస్తుంది. అయితే మార్చిన ప్రతిసారీ కొత్త టిప్పు వాడితే అదే పళ్ళేనికి 480 టిప్పులు ఖర్చవుతాయి. కొనుగోలు ధరను మాత్రమే చూపి, టిప్పులను, నిర్వహణ ఒప్పందాన్ని, విద్యుత్తు నిలకడను వదిలివేసిన ప్రతిపాదనను ఆమోదించరాదు.

మరొక చిక్కు ద్రవాల స్వభావంలో ఉన్నది. చెరకు ఆకులో పిండిపదార్థాలు ఎక్కువ కావడం వలన డీఎన్ఏ ద్రావణం జిగటగా వస్తుంది. క్లోరోఫారం ఆవిరై టిప్పు నుండి కారుతుంది. గ్లిజరాల్ కలిసిన ఎంజైము గోడకు అంటుకుంటుంది. నీటికి సరిచేసిన వేగంతో వీటిని పీల్చితే యంత్రం తప్పును కచ్చితంగా, మళ్ళీ మళ్ళీ చేస్తుంది. అయస్కాంత పూసలతో డీఎన్ఏ వేరుచేసే పద్ధతి యంత్రానికి ఎక్కువ అనుకూలం. సరిచూసుకునే పద్ధతి పాతదే: 100 మైక్రోలీటర్ల నీరు 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 99.8 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వద్ద సుమారు 99.6 తూగాలి. విద్యార్థులు ఈ తూకాన్ని తొలుత చేతి పిపెట్టుతోనే నేర్చుకోవాలి. చేతితో కొలవలేని వాడు యంత్రం తప్పును పసిగట్టలేడు.

చెరకు పరీక్షలు నాటే కాలానికి ముందే గుమిగూడతాయి; మిగిలిన నెలలలో యంత్రం ఖాళీ. విశాఖ తీరంలోని రొయ్య పిల్లల ఉత్పత్తి కేంద్రాలకు తెల్లమచ్చల వైరస్ పరీక్షలు అవసరమే గనుక ఒకే ఉమ్మడి కేంద్రం రెంటికీ ఉపకరిస్తుంది. కాలుష్యం కలియకుండా గదులు, పిపెట్టులు వేరుగా ఉండాలి. మరమ్మతుకు దూర నగరాల ఇంజనీర్ల కోసం ఎదురుచూడకుండా, ఉక్కు నగరానికి చేరువనున్న మెడ్‌టెక్ జోన్‌తో ఒప్పందానికి ప్రయత్నించవచ్చు. 2020లో కోవిడ్ పరీక్షా కిట్లు తయారైన చోటు అది.

అంతకన్నా ముందు విస్తరణ శాస్త్రవేత్తలు తీర్చవలసిన విషయమొకటి ఉన్నది. ఏ దుబ్బు నుండి, ఎన్నవ ఆకు, ఎన్ని గంటలలో మంచు పెట్టెలో ప్రయోగశాలకు చేరింది? ఈ వివరాలు రాసిన చీటీ లేని నమూనాను పళ్ళెంలోకి ఎక్కించరాదు.