ఎవరి షరతుల మీద?

ఒకే సర్వరులో అనేక వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్ ఎంపిక కేవలం సాంకేతిక సమస్య అనీ, వేగమూ సౌకర్యమూ చూసుకుంటే చాలుననీ మిత్రులు కొందరు వాదిస్తున్నారు. ఈ వాదంతో నేను ఏకీభవించలేను.

వీఎంవేర్ సామర్థ్యాన్ని నేను కాదనను. నడుస్తున్న మెషీన్‌ను ఆపకుండానే మరో సర్వరుకు తరలించే సౌకర్యాన్ని అది 2003లోనే వాడుకలోకి తెచ్చింది. కాని 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ ఆ సంస్థను కొన్నది. డిసెంబరులో శాశ్వత లైసెన్సుల అమ్మకం నిలిపివేసి, చందా పద్ధతి ఒక్కటే మిగిల్చింది. పాత లైసెన్సులకు సపోర్టు పొడిగింపును కూడా అమ్మడం మానుకున్నది. వేగం నిన్నటిదే, షరతులే మారాయి. కౌలు చేలో బావి తవ్వుకున్న రైతు గతి ఇది. మిత్రుల పట్టికలో దీనికొక గడి ఉన్నదా?

"అయితే ఉచితమైనదే మంచిదా?" అని అడగవచ్చు. కాదు. వర్చువల్‌బాక్స్ మూల ప్యాకేజీ స్వేచ్ఛా లైసెన్సుదే. దాని ఎక్స్‌టెన్షన్ ప్యాక్ మాత్రం వ్యక్తిగత, విద్యా అవసరాలకే ఉచితం. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు.

నేను కేవీఎంను ఎంచుకుంటాను. 2007లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన ఆ సాఫ్ట్‌వేర్‌కు మూలం అందరి ముందూ ఉన్నది. చేతికందిన ప్రతిని ఏ యజమానీ వెనక్కు గుంజుకోలేడు. దాని పోషణలో పెద్ద కంపెనీల చేయి ఉన్నదనీ, నేర్చుకునే శ్రమకూ వెల ఉన్నదనీ నేను మరువలేదు. అయినా ఆ శ్రమఫలం నేర్చినవారి దగ్గరే మిగులుతుంది.

లోపలికి రావడం ఎంత సులువో అందరూ చెబుతారు. బయటకు పోయే దారి ఎవరి చేతిలో ఉన్నదో ముందుగా అడగండి.